‘యూత్‌ఫుల్ ఫ్యామిలీ యాక్షన్ ఎంటర్‌టైనర్’: తెర మీది కోవలు, వాటి పేర్ల వెనుక లెక్కలు

క్లుప్తంగా: సినిమాలనూ సీరియళ్లనూ వర్ణించడానికి తెలుగులో వాడే మాటలు ఒకే చోట పుట్టినవి కావు. కొన్ని నాటకరంగం నుంచి, కొన్ని పంపిణీదారుల లెక్కల పుస్తకాల నుంచి, మరికొన్ని విదేశీ విమర్శ నుంచి, ఇటీవలివి ఓటీటీ జాబితాల నుంచి వచ్చాయి. ఒక్కో మాట ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది. అన్నిటినీ ఒకే వరుసలో పేర్చడంతోనే గందరగోళం మొదలవుతుంది.

విడుదలకు సిద్ధమైన సినిమా గురించి ‘యూత్‌ఫుల్ ఫ్యామిలీ యాక్షన్ ఎంటర్‌టైనర్’ అని చెప్పడం తెలుగు పత్రికా ప్రకటనల్లో మామూలు విషయం. ఆ నాలుగు మాటలనూ విడదీసి చూస్తే తమాషా బయటపడుతుంది. ‘యూత్‌ఫుల్’ అన్నది టికెట్ కొనేది ఎవరో చెబుతోంది. ‘యాక్షన్’ తెర మీద ఏం జరుగుతుందో చెబుతోంది. ‘ఫ్యామిలీ’ కథ గురించా, చూసేవారి గురించా అన్నది తేలదు. ఇక ‘ఎంటర్‌టైనర్’ దేన్నీ చెప్పదు, విసుగు పుట్టించబోమన్న హామీ మాత్రం ఇస్తుంది.

అసలు ‘జానర్’ అన్న మాటకే తెలుగులో నిలకడ లేదు. జానర్, జాన్రా, జోనర్ అని రకరకాలుగా రాస్తున్నారు. ఫ్రెంచి మాట ఇంగ్లిషు మీదుగా రావడమే ఇందుకు కారణం. దాని మూలార్థం ‘రకం’. సాహిత్య విమర్శలో ఇదే అర్థానికి ‘ప్రక్రియ’ అన్న మాట స్థిరపడినా, సినిమా వైపు అది రాలేదు. ‘కోవ’ అన్న పాత మాట ఉండనే ఉంది.

నాటకశాల ఇచ్చిన నాలుగు పేర్లు

పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం. తెలుగు సినిమా తొలి నాలుగు దశాబ్దాలను ఈ నాలుగు పేర్లే పంచుకున్నాయి. వీటిలో చాలావరకు అప్పటికే రంగస్థలం మీద చెలామణిలో ఉన్నవే. 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ సాంఘిక నాటకానికి దారి చూపింది. పద్యనాటకాలు, సురభి ప్రదర్శనలు పౌరాణికాలకు జనాన్ని సిద్ధం చేశాయి. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ పౌరాణికం కావడంలో వింతేమీ లేదు.

ఈ విభజన అడిగే ప్రశ్న ఒక్కటే: కథ ఎక్కడిది? పురాణేతిహాసాల నుంచి తీసుకుంటే పౌరాణికం. రాజకుమారి, మాంత్రికుడు, మాయదీపం ఉన్న ఊహాలోకమైతే జానపదం. నమోదైన చరిత్ర అయితే చారిత్రకం. ఇప్పటి సంఘం అయితే సాంఘికం. కథలోని భావం ఏమిటి, నవ్విస్తుందా ఏడిపిస్తుందా అన్న విచారం ఇందులో లేదు. అందుకే అంటరానితనాన్ని ప్రశ్నించిన ‘మాలపిల్ల’, 1938, సాంఘికమే. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే ఇద్దరి చుట్టూ హాయిగా నవ్వించిన ‘మిస్సమ్మ’, 1955, కూడా సాంఘికమే. నేటి లెక్కలో ఒకటి సామాజిక చిత్రం, మరొకటి రొమాంటిక్ కామెడీ.

ఈ పేర్లు విమర్శకుల సౌకర్యం కోసం పుట్టినవి కావు, పనివాళ్లకు అక్కరకొచ్చినవి. ‘పౌరాణికం’ అనగానే కిరీటాలు, గదలు, పద్యాలు పాడగల నటులు కావాలని అర్థం. ‘జానపదం’ అంటే కత్తియుద్ధాలు, ట్రిక్ షాట్లు. ‘సాంఘికం’ అంటే పంచె, చీర, ప్యాంటు, వాడుక భాష. దుస్తుల గది నుంచి మాటల రచయిత దాకా అందరికీ ఒక్క మాటతో పని తెలిసిపోయేది. బొంబాయిలోనూ ఇదే పద్ధతి. అక్కడి వ్యాపారవర్గాలు ‘మైథలాజికల్’, ‘హిస్టారికల్’, ‘సోషల్’, ‘స్టంట్’ అని విడదీసేవి. ఉర్దూ సంస్కృతి నేపథ్యంలోని కథలకు ‘ముస్లిం సోషల్’ అన్న ప్రత్యేక శాఖే ఉండేది.

డెబ్బైల తర్వాత పౌరాణికాలు, జానపదాలు తగ్గాయి. సాంఘికం మాత్రమే మిగలడంతో ఆ మాటకు పని లేకుండా పోయింది. పోల్చడానికి ఎదుటి మాట ఉన్నంత కాలమే ఇలాంటి పేర్లు బతుకుతాయి. టాకీ వచ్చాకనే పాత సినిమాకు ‘మూకీ’ అని పేరు పెట్టాల్సి వచ్చింది. అనువాద చిత్రాలు ఉన్నాయి కనుకనే ‘స్ట్రెయిట్ సినిమా’ అన్న మాట ఉంది.

పేరు పోయినంత మాత్రాన కోవ పోదు. 1951 నాటి ‘పాతాళభైరవి’ ఉజ్జయినిలో జరుగుతుంది. నిజంగా ఉన్న నగరం పేరు, పూర్తిగా ఊహాకథ. 2015 నాటి ‘బాహుబలి’ మాహిష్మతిలో జరుగుతుంది. ఆ పేరు పురాణాల్లో ఉంది, కథ మాత్రం కల్పితం. పాత కొలమానం ప్రకారం రెండూ జానపదాలే. అయితే రెండో దాని ప్రచారంలో ‘జానపదం’ కంటే ‘ఎపిక్ యాక్షన్’ వంటి మాటలే ఎక్కువ వినిపించాయి. ఇతర భాషల మార్కెట్లో ‘జానపదం’ అన్న మాట అర్థం కాదు. తెలుగులో కూడా ఆ మాట ఈ తరానికి పల్లెపాటలనే ఎక్కువగా గుర్తుచేస్తోంది.

టికెట్ కిటికీ దగ్గర పుట్టిన మాటలు

రెండో వరుస పేర్లు కథ గురించి కాక కొనేవారి గురించి మాట్లాడతాయి. మాస్, క్లాస్, యూత్, ‘బి సెంటర్ బొమ్మ’ ఈ వరుసవే. ఇవి పంపిణీ వ్యాపారంలోంచి వచ్చాయి. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర అని ప్రాంతాలవారీగా హక్కులు అమ్ముడయ్యే చోట, పెద్ద పట్టణాలను ‘ఎ’, చిన్న పట్టణాలను ‘బి’, పల్లె కేంద్రాలను ‘సి’ అని లెక్కగట్టే చోట, సినిమాలో ఏముందన్న దానికంటే ఎవరు వస్తారన్నదే ముఖ్యం. హాలు లోపల నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అన్న తరగతులు ఈ లెక్కకు కళ్లెదుటి రూపం.

ఇంగ్లిషులో ‘మాస్’ అంటే జనసమూహం. తెలుగులో అది మొదట ఒక ప్రేక్షకవర్గం పేరు, తర్వాత ఒక అభిరుచి పేరు, చివరికి ఒక శైలి పేరు అయింది. ‘మాస్ పాట’, ‘మాస్ ఎంట్రీ’, ‘మాస్ డైలాగు’ అన్నప్పుడు ప్రేక్షకుల ప్రస్తావనే లేదు. హీరో రాకను సాగదీసి చూపడం, విరామానికి ముందు భారీ ఘట్టం, ఈలలకు ఖాళీ వదిలి రాసిన సంభాషణ, ఇవన్నీ ఆ శైలి లక్షణాలు. పోలీసు కథైనా పల్లె కథైనా ప్రతీకార కథైనా ఈ లక్షణాలు ఉంటే ‘మాస్’ అయిపోతుంది. అంటే ఇది కథ రకం కాదు, కథ చెప్పే తీరు. ఒక సినిమాను ‘థ్రిల్లరా, మాసా’ అని అడగడం, వంట ‘వంకాయా, వేపుడా’ అని అడగడం లాంటిది. రెండూ కావచ్చు.

‘పాన్ ఇండియా’ కూడా ఈ వరుసదే. అది ఎన్ని భాషల్లో అమ్ముతున్నారో చెప్పే మాట. కోవల జాబితాలో దాన్ని చేర్చడం బియ్యం రకాల మధ్య ‘ఎగుమతి’ అని రాయడంతో సమానం.

ఒకే మాట, రెండు అర్థాలు

ఎక్కువ అపార్థాలు ‘ఫ్యామిలీ’ దగ్గరే జరుగుతున్నాయి. ఇంగ్లిషులో ‘ఫ్యామిలీ ఫిలిం’ అంటే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూడదగినది. ‘ఫ్యామిలీ డ్రామా’ అంటే కుటుంబం లోపలి సంఘర్షణ. హాలీవుడ్ ‘గాడ్‌ఫాదర్’ నిక్కమైన కుటుంబ కథే, కానీ పిల్లలకు చూపించేది కాదు. తెలుగులో ‘కుటుంబ కథా చిత్రం’ అన్నప్పుడు రెండు అర్థాలూ కలిసే వచ్చాయి. అన్నాచెల్లెళ్ల అనుబంధం మీద నడిచిన ‘రక్తసంబంధం’, 1962, వంటి సినిమాలు కుటుంబం గురించినవి, ఇంటిల్లిపాదీ కలిసి చూసినవి కూడా. ఆ రెండూ ఒకటే అయిన కాలంలో తేడా చెప్పాల్సిన అవసరం రాలేదు. ఓటీటీ జాబితాలో ‘ఫ్యామిలీ’ అన్న అర దగ్గర ఆగినప్పుడు మాత్రం ఆ తేడా ఎదురవుతుంది. కుటుంబ కలహాల కథ అనుకొని తెరిస్తే బొమ్మల సినిమా రావచ్చు.

‘సెంటిమెంట్’ ఇంకా దూరం ప్రయాణించింది. తెలుగులో అది ఒక వైపు అనుబంధాల ఆర్ద్రత, మరో వైపు శకున విశ్వాసం. ‘మదర్ సెంటిమెంట్ పండింది’, ‘సెంటిమెంట్‌గా సంక్రాంతికి విడుదల చేశారు’ అన్న రెండు వాక్యాల్లోని మాట ఇంగ్లిషు పాఠకుడికి ఒకటిగా కనిపిస్తుంది. మొదటి అర్థంలో దానికి దగ్గరి విమర్శ పదం ‘మెలోడ్రామా’. గ్రీకులో పాట అన్న అర్థం ఉన్న ‘మెలోస్’ నుంచి అది వచ్చింది. సంగీతం తోడుగా భావాన్ని ఉద్ధృతం చేసే నాటకమని దాని తొలి అర్థం. ఇప్పుడు నిందగా వాడుతున్నా, అది పుట్టుకతో తిట్టు కాదు.

అరువు తెచ్చుకున్న పేర్లు

విదేశీ పేర్లలో చాలావాటిని సినిమా తీసినవారు పెట్టలేదు. ‘ఫిలిం నువార్’ అన్న మాటనే తీసుకుంటే, యుద్ధం ముగిశాక ఒక్కసారిగా వచ్చిపడ్డ అమెరికన్ నేరకథా చిత్రాలను చూసి 1946లో ఫ్రెంచి విమర్శకులు ఆ పేరు పెట్టారు. ‘నల్ల సినిమా’ అని అర్థం. వాటిని తీసిన అమెరికన్లకు అప్పట్లో ఆ మాటే తెలియదు. కోవ అనేది తరచూ వెనక్కి తిరిగి చూసినప్పుడు కనిపించే గీత.

అరువు మాటను తెలుగు ఎలా మార్చుకుందో ‘కౌబాయ్ సినిమా’ చెబుతుంది. ఇంగ్లిషులో ఆ కోవ పేరు ‘వెస్టర్న్’, అమెరికా పడమటి సరిహద్దును బట్టి వచ్చింది. 1971లో కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చినప్పుడు తెలుగువారు ‘వెస్టర్న్’ అనలేదు. ఆ పడమటి దిక్కుతో ఇక్కడివారికి పని లేదు. గుర్రం, టోపీ, తుపాకీ ఉన్న మనిషే కంటికి కనిపించాడు, అతని పేరే కోవకు పెట్టారు.

ఇక నేరకథల దగ్గర నాలుగైదు పేర్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. వీటిని విడదీయడానికి ఒక పద్ధతి ఉంది: ప్రేక్షకుడికి ఎంత తెలుసు?

‘అన్వేషణ’, 1985, అడవిలో జరిగే చావుల చుట్టూ తిరుగుతుంది. చంపుతున్నది పులా, మనిషా, మనిషైతే ఎవరు అన్నది చివరిదాకా దాచి ఉంచుతుంది. ఇక్కడ ప్రేక్షకుడు పాత్రలతో సమానంగా అజ్ఞానంలో ఉంటాడు. ఇది మిస్టరీ. ‘దృశ్యం’, 2014, దీనికి తలకిందులు. ఏం జరిగిందో ప్రేక్షకుడు కళ్లారా చూశాడు. పోలీసులకు తెలిసిపోతుందా అన్నదే ఉత్కంఠ. ఇది సస్పెన్స్. తెలుగు ప్రకటనల్లో తరచూ ‘సస్పెన్స్’ అని రాసేది నిజానికి మిస్టరీనే. ‘హంతకుడెవరన్నది సస్పెన్స్’ అన్న వాడుక అంతగా పాతుకుపోయింది. ‘థ్రిల్లర్’ ఈ రెంటికీ గొడుగు లాంటి మాట. ప్రమాదం ముంచుకొస్తుంటే పాత్ర పరుగెత్తుతూ ఉంటే చాలు, రహస్యం ఉండాలన్న నియమం లేదు. ఇక నేరాన్ని ఛేదించే మనిషి మీదనే దృష్టి ఉంటే డిటెక్టివ్ కథ. దీనికి తెలుగులో ‘అపరాధ పరిశోధన’ అన్న చక్కని మాట ఉండేది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ కాలంలో పాఠకులకు అది కొట్టిన పిండి. నవలలతో పాటే ఆ మాట కూడా అటక ఎక్కింది.

హారర్‌ను గుర్తించడం తేలిక. అది పెట్టదలచుకున్న భయమే దాని పేరు. తెలుగులో బాగా ఆడుతున్నది మాత్రం హారర్ కామెడీ. ఆలంకారికుల ప్రకారం హాస్యానికి భయానకం విరోధి రసం. రెంటినీ ఒకేచోట చేర్చడం అంత సులభం కాదని వారి హెచ్చరిక. బాక్సాఫీసు ఆ హెచ్చరికను పట్టించుకోలేదు. ఈ కోవకు తెలుగులో ఊపు తెచ్చిన 2013 నాటి సినిమా పేరు ‘ప్రేమకథా చిత్రమ్’ కావడం, పేరు చూసి కోవను ఊహించేవారికి చిన్న పాఠం.

‘సోషియో ఫాంటసీ’ అనే తెలుగు బిడ్డ

రెండు ఇంగ్లిషు ముక్కలతో కట్టినా, ఈ మాట ఆంగ్ల సినిమా విమర్శలో దాదాపు కనిపించదు. దీన్ని అర్థం చేసుకోవాలంటే పాత నాలుగు పేర్ల దగ్గరికే వెళ్లాలి. ‘సోషియో’ అంటే ఇక్కడ సమాజశాస్త్రంతో సంబంధం లేదు, అది ‘సాంఘికం’. సాంఘిక కథలోకి పురాణ పాత్ర వచ్చినా, సాంఘిక పాత్ర పురాణలోకంలోకి వెళ్లినా సోషియో ఫాంటసీ. ‘యమగోల’, 1977, రెండో దారిలో నడిచింది. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, 1990, ‘యమలీల’, 1994, మొదటి దారిలో. ఒకదాంట్లో దేవకన్య ఉంగరం పోగొట్టుకుంటే, మరోదాంట్లో యముడి భవిష్యవాణి పుస్తకమే భూమ్మీద జారిపడింది. రెండు కోవల ప్యాంట్లూ కిరీటాలూ ఒకే ఫ్రేములో నిలబడితే పుట్టే హాస్యమే ఈ కోవకు ప్రాణం.

దీన్ని సైన్స్ ఫిక్షన్‌తో పోల్చితే తేడా ఇంకా తేటపడుతుంది. ‘ఆదిత్య 369’, 1991, కూడా ఈనాటి మనుషులను శ్రీకృష్ణదేవరాయల కాలానికి తీసుకెళ్తుంది. కానీ అక్కడికి చేర్చింది కాలయంత్రం, దేవుడు కాదు. అసాధ్యాన్ని సాధ్యం చేసింది మహిమా, యంత్రమా అన్నదే సరిహద్దు.

సీరియల్, సిరీస్: అటుదిటు అయిన జంట

బుల్లితెర మాటల్లో పెద్ద చిక్కు ఇది. ఒకే కథ ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్‌గా సాగితే సీరియల్. పాత్రలు అవే ఉండి, ప్రతి ఎపిసోడ్‌కూ కథ వేరైతే సిరీస్. ఈ పాత నిర్వచనం ప్రకారం 2001 నుంచి 2007 దాకా వచ్చిన ‘అమృతం’ సిరీస్. ఏ ఎపిసోడ్ చూసినా కథ అక్కడే మొదలై అక్కడే ముగుస్తుంది. కానీ జనం దాన్ని సీరియల్ అనే పిలిచారు. నేటి వెబ్ సిరీస్‌లలో చాలావరకు కథ చివరి ఎపిసోడ్ దాకా సాగుతుంది. అవి నిజానికి సీరియళ్లు.

ఇలా తారుమారు కావడానికి కారణం మాటల చరిత్రలో ఉంది. టీవీ రాకముందే తెలుగువారికి ‘సీరియల్’ తెలుసు. వారపత్రికల్లో నవలలు సీరియల్‌గా వచ్చేవి, ప్రతి వారం చివర ‘సశేషం’ అని ఉండేది. ‘ధారావాహిక’ అన్నదీ అక్కడి మాటే. దూరదర్శన్‌లో 1987-88లో రామాయణం ప్రసారమైనప్పుడు ఈ మాట తెరకు బదిలీ అయింది. ఉపగ్రహ చానళ్లు వచ్చాక వారానికోసారి వచ్చేది రోజువారీ అయింది. డైలీ సీరియల్‌కు ముందే నిర్ణయించిన ముగింపు ఉండదు. రేటింగ్ ఉన్నంత కాలం కథ సాగాలి, ప్రకటనల విరామానికి ముందూ ఎపిసోడ్ చివరా ఒక కుదుపు ఉండాలి. అమెరికాలో 1930లలో సబ్బుల కంపెనీలు రేడియో నాటకాలకు డబ్బు పెట్టి ‘సోప్ ఒపెరా’ అన్న పేరుకు కారణమైనప్పటి సూత్రమే ఇది. అత్తాకోడళ్ల కథతో ‘సీరియల్’ మాట ఎంతగా ముడిపడిందంటే, ఇంటర్నెట్‌లో వచ్చిన కొత్త సరుకుకు ఆ పేరు పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు.

‘ఆంథాలజీ’ అంటే కథల సంపుటి. 2021లో వచ్చిన ‘పిట్టకథలు’లో నలుగురు దర్శకులు, నాలుగు వేర్వేరు కథలు. ‘వేదం’, 2010, అలాంటిది కాదు. అందులో ఐదు జీవితాలు విడివిడిగా మొదలై ఒకే ఆసుపత్రిలో కలుస్తాయి. కథలు కలవకపోతే ఆంథాలజీ, ముడిపడితే ‘హైపర్‌లింక్’ అన్నది పనికొచ్చే గీటురాయి. రియాలిటీ షో, గేమ్ షో, టాక్ షోల మధ్య తేడా పేర్లలోనే ఉంది కనుక విడమరచాల్సిన పని లేదు.

సర్టిఫికెట్ కోవ కాదు

‘ఎ’ సర్టిఫికెట్ సినిమా అంటే అశ్లీల చిత్రమనే అర్థం ఒకప్పుడు స్థిరపడింది. ధ్రువీకరణ అక్షరం చెప్పేది ఎవరు చూడవచ్చన్నది మాత్రమే. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద మొదట యు (అందరికీ), ఎ (పెద్దలకు) మాత్రమే ఉండేవి. 1983లో యుఎ (పిల్లలకు పెద్దల మార్గదర్శనంతో), ఎస్ (ప్రత్యేక వర్గాలకు) చేరాయి. 2021 ఐటీ నియమాలు ఓటీటీలకు 7, 13, 16 ఏళ్ల మెట్లు పెట్టాయి. 2023 సవరణ అవే మెట్లను థియేటర్ సినిమాల యుఎ విభాగానికీ తెచ్చింది. రక్తపాతం ఎక్కువైన యుద్ధచిత్రానికీ, బూతు మాటలున్న కామెడీకీ ఒకే ‘ఎ’ రావచ్చు.

పేరుకు పలికే ధర

ఈ మాటలు కేవలం పాఠకుల సౌకర్యానికి సంబంధించినవి కావు. చారిత్రక చిత్రమన్న గుర్తింపు డబ్బుగా మారిన సందర్భాలున్నాయి. 2015లో ‘రుద్రమదేవి’కి తెలంగాణ ప్రభుత్వం వినోదపు పన్ను మినహాయించింది, ఆంధ్రప్రదేశ్‌లో ఆ మినహాయింపు దక్కలేదు. 2017 సంక్రాంతికి వచ్చిన ‘గౌతమిపుత్ర శాతకర్ణి’కి రెండు రాష్ట్రాలూ మినహాయింపు ఇచ్చాయి. ఈ తేడాను ‘రుద్రమదేవి’ దర్శకుడు బహిరంగంగానే ప్రశ్నించారు. అదే ఏడాది జూలైలో జీఎస్టీ రావడంతో పాత పన్ను విధానం మారిపోయింది. ‘చారిత్రకం అంటే ఎంత శాతం చరిత్ర’ అన్న ప్రశ్న మాత్రం మిగిలింది. 2022 నాటి ‘ఆర్ఆర్ఆర్’లో అల్లూరి సీతారామరాజు, కొమురం భీం ఇద్దరూ చరిత్రపురుషులే. వారి స్నేహం పూర్తిగా కల్పన. ఇక బయోపిక్ అంటే ఒకరి జీవితకథ, పీరియాడిక్ అంటే గతకాలపు నేపథ్యం మాత్రమే. ఈ మూడూ పర్యాయపదాలు కావు.

పేరు నష్టం కూడా చేస్తుంది. ‘సమరసింహారెడ్డి’, 1999, ఘనవిజయం తర్వాత వరసగా వచ్చిన సినిమాలతో ‘ఫ్యాక్షన్’ ఒక కోవ అయింది. ఇంగ్లిషులో చీలికవర్గం అని మాత్రమే అర్థమున్న మాటకు బాంబులు, సుమోల వరుస, తొడగొట్టడం అంటుకున్నాయి. హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్ కథలు ఒక వృత్తిని కోవగా మార్చాయి. ఇక్కడ ఏకంగా ఒక ప్రాంతం కోవ అయిపోయింది. కరవు, వలస, నీటి కోసం పోరాటం అన్నీ వెనక్కి పోయి, కడప, కర్నూలు పేర్లు వినగానే ఇతర జిల్లాలవారికి వేటకొడవలి గుర్తొచ్చే పరిస్థితి వచ్చిందని రాయలసీమ రచయితలు చేస్తున్న ఫిర్యాదు సినిమా మాటల శక్తిని తక్కువగా అంచనా వేయరాదని చూపుతోంది.

కలగలుపు కొత్తది కాదు

2024 నాటి ‘కల్కి 2898 ఏడీ’ కురుక్షేత్రంలో మొదలై సుదూర భవిష్యత్తులోని కాశీకి చేరుతుంది. పాత నాలుగు గదుల్లో ఏ ఒక్కదాంట్లోనూ అది ఇమడదు. ‘మైథలాజికల్ సైన్స్ ఫిక్షన్’ అన్న జంట పేరుతో సరిపెడుతున్నారు. ఓటీటీ జాబితాలు ఈ చిక్కును మరోలా దాటాయి. పుస్తకాల దుకాణంలో ఒక పుస్తకం ఒకే అరలో ఉండాలి, కంప్యూటర్ జాబితాలో ఒకే సినిమా ఐదు అరల్లో ఉండగలదు. అందుకే అక్కడ కోవలు పెరిగిపోయి, ఒక్కొక్క దాని బరువు తగ్గుతోంది.

అయితే కలగలుపు మొన్న పుట్టింది కాదు. పౌరాణికాలకే తలమానికంగా చెప్పుకొనే ‘మాయాబజార్’, 1957, కథలోని శశిరేఖ వ్యాసభారతంలో లేదు. పదహారో శతాబ్దంలోనే రామరాజభూషణుడు వసుచరిత్ర పీఠికలో కథలను మూడుగా విడదీశాడు. పూర్తిగా కల్పించినవి కృత్రిమ రత్నాలు, పురాణాల్లో ఉన్నవి గనిలో పుట్టిన రత్నాలు, పాత కథకు కవి కల్పన జోడించినవి సానపట్టిన జాతిరత్నాలు. ఆయన మొగ్గు మూడో దాని వైపే. ఆ కొలత ప్రకారం మాయాబజార్, ఆర్ఆర్ఆర్, కల్కి మూడూ ఒకే అరలో పక్కపక్కన చేరతాయి. సాన ఎంత బాగా పట్టారన్నది వేరే ప్రశ్న, దానికి ఏ కోవ పేరూ జవాబు చెప్పదు.